నేల పదును

శ్రావణమాసంలో ఒక పెద్ద వాన కురిసి, ఆపై పదిపన్నెండు రోజులు ఆకాశాన మబ్బుతునక కనిపించలేదనుకుందాం. అటువంటి వేళ మెట్ట పొలాల నడుమ నడిచి వెళితే ఒక వింత కనిపిస్తుంది. ఒకే గట్టుకు ఇరువైపులా రెండు చేలు. మట్టి ఒకటే, కురిసిన వాన ఒకటే, వేసిన పైరు కూడా ఒకటే. అయినా ఒక చేనిలో మొక్కలు మిట్టమధ్యాహ్నం సైతం ఆకులు విప్పార్చి నిలబడి ఉంటాయి. రెండవ చేనిలోని మొక్కలు పొద్దెక్కక ముందే తలలు వాల్చివేస్తాయి. కారణమేమని రైతును అడిగితే, "అందులో పదును నిలుస్తుంది, ఇందులో నిలవదు" అని ఒక్క మాటలో తేల్చివేస్తాడు.

కత్తికి ఉండే పదును వేరు, నేలకు ఉండే పదును వేరు. దున్నడానికి, విత్తడానికి, మొక్క బ్రతకడానికి తగినంత చెమ్మ నేలలో ఉన్న స్థితిని మన రైతులు పదును అన్నారు. అదనూ పదునూ అని జంటగా పలకడం కూడా మనకు అలవాటే. నేల తేమ అని శాస్త్రగ్రంథాలలో వ్రాసే మాట కంటే ఈ మాటలో అర్థం కొంత ఎక్కువ. మడిలో నీరు నిండుగా నిలిచి ఉంటే దానిని పదును అనరు. నీటితో పాటు గాలి కూడా నేలలో తగుపాళ్లలో ఉండాలన్న ఎరుక ఆ మాటలో ఇమిడి ఉన్నది. ఆ నీటికీ గాలికీ నేలలో చోటు ఎక్కడిది? ఆ చోటు ఒక చేనిలో ఎక్కువగానూ, పక్క చేనిలో తక్కువగానూ ఎందుకు ఉంటుంది?

మట్టి చూడడానికి గట్టి పదార్థం. కాని బాగా పండే చేనిలోని ఒక దోసెడు మట్టిని తీసుకుంటే అందులో దాదాపు సగం ఖాళీయే. మట్టి రేణువులు ఒకదానినొకటి పూర్తిగా అతుక్కొని ఉండవు. వాటి నడుమ సందులు, సన్నని దారులు, గదులు ఉంటాయి. మొత్తం ఘనపరిమాణంలో ఈ ఖాళీల వంతును సచ్ఛిద్రత అంటారు. దీనిని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మట్టిలోని ఖనిజ రేణువుల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. నేల నుండి చెదరకుండా తీసి, ఎండబెట్టి తూచిన మట్టి ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు మాత్రమే తూగిందనుకోండి. అంటే అందులో సగమే రేణువులు, తక్కిన సగం ఖాళీ. అదే మట్టి 1.6 గ్రాములు తూగితే ఖాళీ నూటికి నలభైకి పడిపోయినట్లు. మట్టి బరువెక్కిందంటే లోపలి గదులు మూసుకుపోయాయన్నమాట.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటున్నది. ఇసుక నేలలో నీరు గబగబా ఇంకిపోతుంది కనుక అందులోనే ఖాళీలు ఎక్కువని అనుకుంటాం. నిజానికి బంకమట్టిలోనే మొత్తం ఖాళీ ఎక్కువ. అయితే ఇసుకలోని ఖాళీలు పెద్దవి, బంకమట్టిలోనివి కంటికి కనిపించనంత చిన్నవి. పెద్ద రంధ్రాలు నీటిని లోపలికి రానిస్తాయి కాని నిలుపుకోలేవు. వాన వెలిసిన ఒకటి రెండు రోజులలో ఆ నీరు అడుగుకు జారిపోగా, వాటిలో గాలి నిండుతుంది. చిన్న రంధ్రాలు నీటిని కేశనాళికల వలె పట్టి ఉంచుతాయి. వర్షం లేని రోజులలో వేళ్లు పీల్చుకునేది ఈ నీటినే. మరీ సూక్ష్మమైన రంధ్రాలలోని నీరు ఎంత గట్టిగా పట్టుబడి ఉంటుందంటే, వేరు దానిని లాగలేదు. తడి ఉండగానే మొక్క వాడిపోతుంది. కాబట్టి నేలకు పెద్ద రంధ్రాలు కావాలి, చిన్నవీ కావాలి. వాకిలీ ఉండాలి, గాదే ఉండాలి. వాకిలి లేని గాదెలోకి గింజ చేరదు. గాదె లేని వాకిలి వలన ప్రయోజనం లేదు.

ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఏ పాళ్లలో ఉండాలన్నది ప్రకృతి నిర్ణయం. అది మన చేతిలో లేదు. కాని ఆ రేణువులు విడివిడిగా పడి ఉన్నాయా, చిన్నచిన్న గుళికలుగా కూడి ఉన్నాయా అన్నది మాత్రం ఆ నేలను మనం ఎలా వాడుకుంటున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కుళ్లిన ఆకులు, వేళ్లు, పేడ నుండి ఏర్పడే జీవ పదార్థం రేణువులకు జిగురువలె పనిచేస్తుంది. గుళికలోపల చిన్న రంధ్రాలు, గుళికకూ గుళికకూ నడుమ పెద్ద రంధ్రాలు ఏర్పడతాయి. చచ్చి కుళ్లిన వేరు తన వెనుక ఒక గొట్టాన్ని మిగుల్చుతుంది. వానపాము తిరిగిన దారి వాననీటికి కాలువ అవుతుంది. పరిణామ సిద్ధాంతంతో లోకాన్ని కదిలించిన చార్లెస్ డార్విన్ తన చివరి గ్రంథాన్ని, 1881లో, వానపాముల పని మీదనే వ్రాశాడు. అంతటి శాస్త్రవేత్త ముసలితనంలో వానపాముల వెంట పడ్డాడేమిటని కొందరు నవ్వి ఉండవచ్చు. నేల సంగతి తెలిసినవారు నవ్వరు.

మొదట అడవిని చూద్దాం. తూర్పు కనుమలలోని దట్టమైన అడవిలో వాన నేరుగా నేలను తాకదు. పెద్ద వాన చినుకు సెకనుకు 9 మీటర్ల వరకు వేగంతో దిగుతుంది. ఆ దెబ్బను మొదట ఆకులు కాచుకుంటాయి, తరువాత నేలపై పరచుకున్న రాలుటాకుల దుప్పటి కాచుకుంటుంది. కింద మట్టి తేలికగా, మెత్తగా, కాలు వేస్తే దిగబడేటట్లు ఉంటుంది. ఎంత వాన కురిసినా చాలా భాగం ఇంకి, వాగులలోకి మెల్లగా ఊరుతుంది. ఆ చెట్లను కొట్టి, కాల్చి, వాలులో పైరు వేస్తే మొదటి రెండు మూడేళ్లు పంట బాగానే వస్తుంది. పాత వేళ్ల గొట్టాలు, పాత జిగురు అప్పటికింకా మిగిలి ఉంటాయి. అవి తరిగేకొద్దీ వాన నేలలోకి దిగడం మాని నేలమీదనే పరుగు తీస్తుంది. పోడు చేసే గిరిజనులు పూర్వం ఒక చోటును విడిచిపెట్టి ఎన్నో ఏళ్లు తిరిగి దానిని ముట్టేవారు కారు. ఆ విరామంలో నేల మళ్లీ గుల్లబారేది. అడవి తరిగి విరామం కుదించుకుపోవడం వలన వచ్చిన నష్టాన్నంతా పోడుకే అంటగట్టడం న్యాయం కాదు.

పశువుల బీళ్ల సంగతి కొంత వేరు. గడ్డి వేళ్లు మట్టిని గుళికలుగా కట్టడంలో ఆరితేరినవి. మంద మితంగా మేస్తే బీడు నేల మంచి నేలే. తడి నేలపై ప్రతిరోజూ మంద తిరిగితే మాత్రం గిట్టల బరువుకు పైపొర అణగిపోతుంది. పశువులు నడిచే డొంకలో వాన వెలిసిన తరువాత కూడా నీటి గుంటలు నిలిచి ఉండడానికి ఇదే కారణం.

ఇక దుక్కి నేల. రాయలసీమలోనూ, తెలంగాణంలోనూ విస్తారంగా ఉన్న ఎర్ర నేలల బాధ ఒక రకమైనది. అనంతపురం ప్రాంతంలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా కొద్ది రోజులలో కురిసి, నడుమ దీర్ఘంగా బెట్ట పెడుతుంది. ఎర్ర మట్టిలో జీవ పదార్థం తక్కువ కనుక గుళికలు బలహీనం. దుక్కి దున్ని బోసిగా వదిలిన నేలపై చినుకులు మోదగానే అవి చితికి, సన్నని రేణువులు పైనున్న రంధ్రాలలో కూరుకుపోతాయి. ఎండ కాయగానే నేల అట్టకడుతుంది. ఆ పొర మందం కొద్ది మిల్లీమీటర్లే కావచ్చు, దాని కింద ఎన్నో ఖాళీలు ఉండవచ్చు, కాని వాకిలి మూసుకుపోయింది. తరువాతి వాన చేనులోకి కాక చేని బయటకు పోతుంది. మొలక ఆ అట్టను ఛేదించలేక లోపలే వంకర తిరుగుతుంది. దీనిని ఎరిగిన రైతులు ముళ్లకంప లాగి, గుంటక తోలి ఆ అట్టను పగులగొడతారు. పైపైన కదిలిన పొడిమట్టి లోపలి తేమను ఎండ లాగివేయకుండా కాస్తుంది. అడుగు నుండి పైకి వచ్చే కేశనాళికలు అక్కడ తెగిపోవడమే దానికి కారణం. భౌతికశాస్త్రం చదవని రైతు ఈ పనిని తరతరాలుగా చేస్తూ వచ్చాడు.

నల్లరేగడి నేలల బాధ ఇంకొక రకం. అందులో గాదె చాలా పెద్దది. బంకమట్టి సగానికి పైగా ఉండడం వలన ఎంతో నీటిని పట్టి ఉంచుతుంది. అయితే తడిస్తే కాలు పెట్టనీయదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందుచేత చాలా చోట్ల రైతులు వానకాలమంతా రేగడిని బీడుగా ఉంచి, వానలు తగ్గాక లోపల దాగిన పదును మీద జొన్నను గాని శనగను గాని విత్తేవారు. ఈ పద్ధతిలో తెలివి లేకపోలేదు. నష్టమూ ఉన్నది. వానకాలమంతా పైరు నీడ లేని నేల చినుకుల దెబ్బలు తింటుంది.

ఈ విషయాన్ని కొలిచి చూచిన చోటు మనకు దగ్గరలోనే ఉన్నది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1976 నుండి రేగడి నేలపై రెండు పద్ధతులను పక్కపక్కనే దశాబ్దాల పాటు నడిపి చూచింది. ఒక భాగంలో పాత పద్ధతి: వానకాలం బీడు, తరువాత ఒక పంట. రెండవ భాగంలో సన్నని వాలుకు అనుగుణంగా సుమారు మీటరు వెడల్పున ఎత్తయిన మడులు, వాటి నడుమ చాళ్లు, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తనం, జొన్నలో కంది, లేదా మొక్కజొన్న తరువాత శనగ వంటి జోడు పంటలు, తగినంత ఎరువు. మిగులు నీరు చాళ్ల గుండా మెల్లగా పోతుంది, మడిపై మొక్క వేళ్లకు గాలి అందుతుంది. పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి సగటున ఒక టన్ను గింజలు పండగా, కొత్త పద్ధతిలో సుమారు ఐదు టన్నులు పండాయి. కొట్టుకుపోయిన మట్టి సుమారు నాలుగవ వంతుకు తగ్గింది.

దిగుబడి కంటే మనకు ఇక్కడ ముఖ్యమైనది నేల లోపలి మార్పు. ఏళ్ల తరబడి అలా సాగిన తరువాత పైమట్టిని పరీక్షిస్తే, పాత భాగంలో ఘన సెంటీమీటరు మట్టి సుమారు 1.5 గ్రాములు తూగింది, కొత్త భాగంలో సుమారు 1.2 గ్రాములే. ఖాళీల వంతు ఒకచోట నూటికి 42 దాపున, రెండవచోట 52 దాపున ఉన్నది. పది శాతమే కదా అని తీసివేయరాదు. ఎకరం నేలలో ఒక అడుగు లోతున పది శాతం ఖాళీ అంటే లక్షా ఇరవై వేల లీటర్ల చోటు. ఆ చోటంతా నీటితోనే నిండి ఉండదు, నిండినదంతా మొక్కకు అందదు, నిజమే. అయినా రెండు వానల నడుమ పైరు ఎండుతుందా నిలుస్తుందా అన్నది ఇటువంటి లెక్కలోనే తేలుతుంది. ఆ నేలను ఎవరూ తెచ్చిపోయలేదు. పక్క భాగంలోని మట్టే, వాడుక మారినందువలన అలా మారింది.

ఖాళీలు ఉండడమే ఎల్లప్పుడూ మేలన్నట్లు ఇంతవరకు చెప్పుకున్నాం. వరి మడి దగ్గరకు వచ్చేసరికి ఈ మాట తలక్రిందులవుతుంది. గోదావరిపై ధవళేశ్వరం వద్ద 1852లోను, కృష్ణపై విజయవాడ వద్ద 1855లోను ఆనకట్టలు పూర్తయిన తరువాత డెల్టాలో లక్షల ఎకరాలు మాగాణులయ్యాయి. మాగాణి రైతు నేలకు దమ్ము చేస్తాడు. నీరు పెట్టి, దున్ని, తొక్కించి మట్టిని బురదగా మార్చడంలో అతని ఉద్దేశం పెద్ద రంధ్రాలను మూసివేయడమే. ఏటేటా అలా చేయగా నాగటి కర్రు తగిలే లోతుకు కొంచెం కింద ఒక గట్టి పొర ఏర్పడుతుంది. అది కుండకు అడుగు వంటిది. అది లేకపోతే మడిలో నీరు నిలవదు, కాలువ నీరు ఎంత పెట్టినా చాలదు. వరికి గాలి కోసం నేల రంధ్రాలతో పనిలేదు. దాని కాండంలోనే గాలి వేళ్లకు దిగే దారి ఉన్నది.

చిక్కు వరి కోసిన తరువాత వస్తుంది. ఆ బురద ఎండితే రాయవుతుంది. దానిని దున్ని, గడ్డలు చితకగొట్టి, మళ్లీ పదునుకు తెచ్చేలోపల ఉన్న తేమ కాస్తా ఎగిరిపోతుంది. డెల్టా రైతులు దీనికి కనిపెట్టిన ఉపాయం నిజంగా మెచ్చుకోదగినది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే, తడి ఆరని మడిలో మినుములు, పెసలు చల్లుతారు. దుక్కి లేదు, నీటి తడి లేదు. కోత నాటికి గింజ మొలక వేస్తుంది. పైనుండి పదును దిగిపోతున్నకొద్దీ వేరు దానిని వెంబడించి లోతుకు పోతుంది. వరి కోసం మూసిన గాదెలో మిగిలిపోయిన నీటి మీద ఒక పప్పు పంట పండుతుంది. మట్టిని కదపకుండా ఉంచడమే ఇక్కడ రహస్యం. ఇటీవలి దశాబ్దాలలో వరి తరువాత దుక్కి లేకుండానే మొక్కజొన్న వేయడం కూడా డెల్టాలో వ్యాపించింది; దానికి మాత్రం తడులు పెట్టవలసి ఉంటుంది. అయితే వరికోత యంత్రం తడి మడిలో దిగితే చక్రాలు పడిన బారున మట్టి ఇటుకవలె అణగి, అక్కడ మొలక సరిగా రాదు. ట్రాక్టరు విషయమూ ఇంతే. యంత్రం చెడ్డదని కాదు. పదును ఆరకముందే దించితే చెరుపు చేస్తుంది. ఎద్దులు బురదలో దిగడానికి మొరాయించేవి. యంత్రానికి ఆ వివేకం లేదు, తోలేవాడికే ఉండాలి.

గాదె చిన్నదైన ఎర్ర నేలకు గాదెను పెంచే దారి ఒకటి మన పూర్వులు ఎరుగుదురు. వేసవిలో చెరువు ఎండగానే పూడిక మట్టిని బండ్లతో తోలి చెలకలకు వేసేవారు. ఏళ్ల తరబడి పైనుండి కొట్టుకువచ్చిన సన్నని బంకమట్టి, జీవ పదార్థం అందులో ఉంటాయి. చేని నుండి చెరువుకు పోయినదే మళ్లీ చెరువు నుండి చేనికి వస్తుంది. చెరువుకు నీటి చోటు పెరుగుతుంది, చేనిలో తేమ నిలిచే రోజులు పెరుగుతాయి. తెలంగాణ రాష్ట్రంలో 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని రైతులు తమ పొలాలకు తరలించుకున్నారు. ఇది మట్టి పాళ్లనే కొంత మార్చే పని కనుక, జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టను దున్నడం కంటే దీని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఉప్పు, చౌడు చేరిన చెరువు మట్టిని మాత్రం పరీక్షించకుండా వేయరాదు.

చెట్లు నాటితే చాలు, నేలకు తేమ వస్తుందన్న నమ్మకాన్ని కూడా కొంచెం పరిశీలించాలి. చెట్టు వేళ్లు నేలను గుల్ల చేస్తాయన్నది నిజం. కాని అవే వేళ్లు నీటిని తాగుతాయి. కాగితపు గుజ్జు కోసం పెంచే జామాయిల్ తోటలు ఇందుకు ఉదాహరణ. కర్ణాటకలోని హోస్కోటె వద్ద 1990లలో కొలిచి చూచినప్పుడు, లోతైన నేలలో ఆ తోటలు కురిసిన వాన కంటే ఎక్కువ నీటిని వాడుకున్నట్లు తేలింది. అవి పై నుండి వచ్చిన నీటితో తృప్తి చెందక, అడుగున పూర్వం నుండి దాగిన తేమను కూడా వేళ్లతో వెదికి తీసుకున్నాయి. గాదె ఎంత పెద్దదైనా తినేవారు ఎందరన్నది కూడా చూడవలసిందే. చోటు ఉండడం వేరు, ఆ చోటులో నీరు మిగలడం వేరు.

భూమి వాడుకలో కడపటి మార్పు పొలం ప్లాట్లుగా మారడం. అక్కడ లెక్క చాలా సులువు. ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన కురిస్తే రెండు లక్షల లీటర్ల నీరు దిగినట్లు. చేను అయితే అందులో ఎంతో కొంత తాగుతుంది. కాంక్రీటు కింద నేల ఉన్నా లేనట్లే. నీరంతా వీధిలోకి వస్తుంది. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను హైదరాబాదును ముంచిన వరదలకు కుండపోత వాన మొదటి కారణం. నాలాలు, చెరువులు ఇరుకు కావడం ఒకటి, తాగే నేల తరిగిపోవడం మరొకటి దానికి తోడయ్యాయి. వేసవి వచ్చేసరికి అదే వీధిలో బోరు ఎండిపోయిందని ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు.

ఇవన్నీ పుస్తకంలో చదివి నమ్మవలసిన పనిలేదు. ఇప్పుడు ఉపగ్రహాలు కూడా నేల తేమను కొలుస్తున్నాయి. 2025 జూలైలో శ్రీహరికోట నుండి ప్రయోగించిన నిసార్ ఉపగ్రహం చేసే పనులలో అదొకటి. ఆకాశం నుండి అవి చూడగలిగేది ముఖ్యంగా పైనున్న కొద్ది సెంటీమీటర్ల సంగతి. లోపలి సంగతికి మనమే నేలను తవ్వి చూడాలి. మట్టిని తూచి, 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక రోజు ఎండబెట్టి, తిరిగి తూస్తే తగ్గిన బరువే అందులోని నీరు.

ఇంకా సులువైన పరీక్షకు రెండు వైపులా మూతలు తీసివేసిన ఒక పాత డబ్బా, ఒక గ్లాసు, ఒక గడియారం చాలు. డబ్బాను రెండు మూడు అంగుళాల లోతుకు నేలలో దిగగొట్టి, అందులో గ్లాసెడు నీరు పోసి, అది పూర్తిగా ఇంకడానికి ఎంతసేపు పట్టిందో వ్రాసుకోవాలి. ఒకేరోజున చెట్టు కింద ఆకులు రాలిన చోట, దున్నిన చేనిలో, పశువుల డొంకలో, కళాశాల ఆటస్థలంలో ఇలా చేసి చూడండి. చెట్టు కింద రెండవ గ్లాసు నింపుకొని రావలసి వస్తుంది. ఆటస్థలంలో మాత్రం కాసేపు కూర్చోవడానికి నీడ వెదుక్కొని మొదలుపెట్టడం మంచిది.